బాపు నేర్పిన పట్టు

పోయిన వారం పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. మన వయసు వాళ్లకు వారానికొక డాక్టరు తప్పడు కనుక ఇందులో విశేషం లేదు. చూపించుకోవలసిన అవయవం మారుతుంటుంది, అంతే. మనవరాలి వయసున్న డాక్టరమ్మ నా నోరు బార్లా తెరిపించి, లోపల దీపం వేసి చూసి, మిగిలిన పళ్లన్నీ రాళ్లలా ఉంటే కింద ముందరి రెండు మాత్రమే ఎట్లా పోయాయి తాతా అని అడిగింది. ఆమె వేళ్లు ఇంకా నా నోట్లోనే ఉన్నాయి కాబట్టి జవాబు వెతుక్కోవడానికి కొంత వ్యవధి దొరికింది. వేళ్లు తీశాక, స్వామి ప్రసాదం బిడ్డా అన్నాను. ముసలాయన కొబ్బరిముక్క కొరకబోయి పళ్లు పోగొట్టుకున్నాడనుకుని ఆ పిల్ల ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. కొబ్బరి సంగతి నిజమే. కాకపోతే అది ముక్క కాదు, నిండు కాయ. నేను దాన్ని కొరకలేదు, అదే నా మీదికి వచ్చింది.

బయటికి వస్తే, కార్తీకం కదా, క్లాక్ టవర్ దగ్గర టీ బండి ముందు నల్లబట్టల స్వాములు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒక కుర్రవాడి చేయి వణుకుతోంది. గ్లాసులో టీ అంచు దాటి వేళ్ల మీద పడుతున్నా అతనికి పట్టడం లేదు. చలికేనేమో. పక్కకు పిలిచి అడుగుదామనుకున్నాను గాని, మెడలో మాల ఉన్నవాణ్ని నడి చౌరస్తాలో ఏమని అడుగుతాం? బస్సెక్కాను. ఇంటికి చేరేదాకా, లేని పళ్ల జాగాలో నొప్పి లాగుతూనే ఉంది. లేనివి ఎందుకు నొస్తాయో డాక్టరమ్మను అడగడం మరిచిపోయాను.

మాది గొర్ల కుటుంబం. మా బాపుకు పాలమూరు పడమటి దిక్కున నల్ల గొర్ల మంద ఉండేది, ఉన్ని కత్తిరించి గొంగళ్లు నేయించే కాలం నాటి మాట. మీలో చాలామంది ఆ గొంగడి కప్పుకునే పెరిగి ఉంటారు; అది గుచ్చుకునే తీరు ఒక్కసారి కప్పుకున్నవాడు చచ్చేదాకా మరవడు. గొర్రె ఊరికే నిలబడి ఉన్ని ఇచ్చేది కాదు. చాలామంది నాలుగు కాళ్లూ కట్టేసి పక్కకు పడదోసి కత్తెర వేసేవారు. బాపు కట్టేవాడు కాదు. వెనక నుంచి వచ్చి, ముందరి కాళ్ల సందుల్లో చేతులు పోనిచ్చి, ఒక్క ఊపులో దాన్ని పిర్రల మీద కూర్చోబెట్టి, దాని వీపును తన కడుపుకు ఆనించుకునేవాడు. అప్పటిదాకా అరిచి తన్నిన జీవం, ఏం గుర్తొచ్చిందో ఏమో, తల ఒక పక్కకు వాల్చి, పెండ్లి పందిట్లో భోంచేసి కూర్చున్న పెద్దమనిషిలా అట్లాగే ఉండిపోయేది. నేను నేర్చుకునేటప్పుడు బిగబట్టి రెండుసార్లు మూతి పగలగొట్టించుకున్నాను. బాపు చెప్పింది ఒక్కటే.

"గట్టిగ పట్టకురా. గట్టిగ పడితే తంతది. ఊకె ఆనిచ్చుకో."

ఆ బాపే పొద్దుగూకినాక ఈతకల్లు తాగేవాడు. తాగితే పాట పాడేవాడు, పాట మంచిదే గాని గొంతు మంచిది కాదు, మందలో కుక్కలు లేచి దూరంగా పోయి పడుకునేవి. అంతకు మించిన హింస మా ఇంట్లో కల్లు వల్ల జరగలేదు. తర్వాత నేను పాలమూరులో బీయస్సీ చదివి, పశువుల దవాఖానలో సహాయకుడి ఉద్యోగం సంపాదించి, ఊళ్లవాళ్లు పసుల డాక్టరు అని పిలిస్తే ఆ మాటను ఏనాడూ ఖండించకుండా రిటైరయ్యాను.

మాకు ఒక్కడే కొడుకు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఊరూరా చెరువుల పూడిక తీసే పనులు మొదలైతే, మట్టి తవ్వే జేసీబీ నడిపే పని దొరికింది. పొద్దంతా ఆ యంత్రం మీద ఎగిరెగిరి పడి, ఒళ్లు నొప్పులని సాయంత్రం కల్లు దుకాణం దగ్గర ఆగి వచ్చేవాడు. కల్లే కదా అనుకున్నాం. సారాయి కాదు, బ్రాందీ కాదు, తాతలు తాగిందే కదా. మా చుట్టుపట్ల ఈతచెట్లు తగ్గిపోతున్నకొద్దీ కల్లుసీసాలు పెరిగిపోవడం చూసి, సైన్సు చదివినవాడిగా నాకు అనుమానం రావాలి. వచ్చింది. వచ్చిన అనుమానాన్ని ఏం చేసుకోవాలో మాత్రం బీయస్సీలో చెప్పలేదు.

అందులో మత్తుపొడి కలుపుతారని ఊరందరికీ తెలుసు, ఉప్పు వేస్తే ఉప్పగా ఉంటుందని తెలిసినట్టే. మాకు తెలియనిది ఇంకొకటి. బాపు కాలంలో తాగినవాడు అల్లరి చేసేవాడు, తాగనివాడు బుద్ధిగా ఉండేవాడు. ఈ కల్లుకు లెక్క తిరగబడింది. తాగితే మావాడు గొర్రెపిల్ల. అన్నం ముద్ద నోట్లో ఉండగానే కునికేవాడు, వాళ్లమ్మ మూతి తుడిచి పడుకోబెట్టేది. తాగడం ఒక పూట తప్పితే చేతులు వణికేవి, రెండు పూటలు తప్పితే ఇంట్లో వస్తువులు ఎగిరేవి. ఒకసారి అధికారులు వచ్చి మా బస్తీ దుకాణం మూసేసి తాళం వేసుకుని పోయారు. మంచి పనే. రెండు రోజులు తిరిగేసరికి ఒక్కో వాకిట్లో ఒక్కో కేక. మా ఇంట్లో టీవీ నడిబజారులో పడింది. అడ్డం వచ్చిన కోడలి జుట్టు పట్టి గోడకు కొట్టాడు. ఆ చప్పుడు కొబ్బరికాయ చప్పుడు కంటే మెత్తగా ఉంటుందని అప్పుడే తెలిసింది. విడిపించబోయిన వాళ్లమ్మ మణికట్టు, ఎండు కట్టెపుల్ల విరిచినంత సులువుగా విరిచాడు. మర్నాడు కోడలి అన్నదమ్ములు వచ్చి, మావాణ్ని వాకిట్లో పడేసి తొక్కి, కోడల్నీ పసి మనవరాలినీ తీసుకుపోయారు. నేను అడ్డం పోలేదు. వాళ్ల జాగాలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ని, బహుశా ఇంకొంచెం ఎక్కువ.

చేశాను కూడా. ఒక మధ్యాహ్నం, పట్టీ వేసిన చేత్తోనే వాళ్లమ్మ గిన్నెలు తోముతుంటే వాడు వచ్చి ఆమె వీపున తన్నాడు. మూలకున్న బాపు గొర్ల కట్టె తీసుకున్నాను. నా జీవితంలో పశువును కూడా అంత కొట్టలేదు. పడ్డాక కూడా కొట్టాను. వీపు మీద చర్మం లేచింది. వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు, తిట్టలేదు. నేల మీద బోర్లా పడి మొహం పక్కకు తిప్పి అన్నాడు:

"ఇంక కొట్టు బాపూ. గట్ల కొడ్తుంటే జర మంచిగున్నది."

కట్టె అక్కడే వదిలేశాను. ఆ తర్వాత వాడి మీద చెయ్యెత్తలేదు. మంచితనం వల్ల కాదు. మందు పనిచేయదని తేలిన రోగానికి మళ్లీ అదే మందు వేయకూడదని దవాఖానలో నేర్చుకున్నాను.

దుఃఖం గురించి చెప్పమంటే ఏం చెప్పను? ఏడవడానికి మా ఇంట్లో జాగా లేకుండా పోయింది. మిగతావాళ్లు బాత్రూంలోకి పోయి తలుపేసుకుని ఏడుస్తారట. మా బాత్రూం తలుపు వాడు ఎప్పుడో విరగ్గొట్టాడు. అందుకని నేను జోకులు వేసేవాణ్ని. మా ఇంటామె అయితే నవ్వడమూ మానేసింది, ఏడవడమూ మానేసింది. కల్లు వాసన వస్తే ముక్కు మూసుకునే మనిషి, ఒక రోజు తలనిండా కొంగు కప్పుకుని, పాలకు పోయే స్టీలు క్యాను పట్టుకుని, మళ్లీ తెరుచుకున్న దుకాణం వరుసలో నిలబడింది. నేను బజారుకు పోతూ చూశాను. ఆమె కూడా నన్ను చూసింది. ఇంటికొచ్చాక నా ముందు క్యాను పెట్టి మాట్లాడింది.

"నన్నేం అడగకు. ఆడు తాగకుంటె నిన్ను సంపుతడు, తాగితె ఆడు సస్తడు. ఇయ్యాల్టికైతె ఎవ్వలు సావొద్దని తెచ్చిన."

మాకు కావలసిందల్లా అంతే. ముగ్గురమూ ప్రాణాలతో ఒక కప్పు కింద ఉండాలి. పెద్ద కోరికేమీ కాదు, లోకంలో చాలామందికి అడక్కుండానే దొరుకుతుంది.

ఆ ఏటి కార్తీకంలోనే మా బామ్మర్ది వచ్చాడు. కిరాణా దుకాణం నడుపుతాడు, చాలాసార్లు శబరిమల పోయివచ్చిన గురుస్వామి, మా బస్తీలో సగం మంది మెడలో మాల వేసింది అతనే. మన దగ్గర ఈ ఆచారం ఎట్లా పాతుకుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. తాగుబోతు మొగుడు ఉన్న ప్రతి ఇల్లాలూ కార్తీకం కోసం ఎదురుచూస్తుంది. మాల పడితే మండలం రోజులు చన్నీళ్లు, ఒంటిపూట భోజనం, చాప మీద పడక, మందు ముట్టడం మహాపాపం. చుట్టుపక్కల తాగుబోతులంతా అట్లా చలికాలంలో స్వాములయ్యేవారు, జ్యోతి దర్శనం కాగానే తిరిగి మనుషులయ్యేవారు. అయినా ఆ నెలన్నర ఇంట్లో పొయ్యి ప్రశాంతంగా మండేది. అది తక్కువ వరం కాదు.

"బావా, మెడల మాల పడ్డదంటె కల్లు దిక్కు సూడనన్న సూడడు. నేనెంతమందిని సూడలే? ఇగ నా మీద ఇడిసిపెట్టు, ఫికర్ జెయ్యకు," అన్నాడు.

మావాడు కాదనలేదు. అదే నన్ను పడేసింది. చాప అంచు గిల్లుతూ, ఈసారి ఇడిసిపెడ్త మామా, నాక్కూడ యాష్టకొచ్చింది అన్నాడు. వాడికి మంచి కావాలని లేదనుకునేవాళ్లకు ఆ గొంతు వినిపించాలనిపిస్తుంది ఇప్పటికీ.

తెల్లారి తలస్నానం చేయించి, నల్లబట్టలు కట్టి, బామ్మర్ది మాల వేశాడు. ఇక నుంచి వాడు మా కొడుకు కాదు, స్వామి. తల్లిదండ్రులైనా సరే కాళ్లకు మొక్కాలి. వాళ్లమ్మ కట్టు విప్పిన చేత్తో వాడి పాదాలు తాకింది. నేనూ వంగాను, నడుం నొప్పి కారణంగా వంగడానికీ లేవడానికీ మధ్య కొంత సమయం పట్టింది, అంతసేపూ నెలకిందట నా భార్య వీపున తన్నిన పాదం నా కళ్ల ముందే ఉంది, గోరు చిట్లి ఉంది. వాడు కాలు వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు బాపూ..."

"బాపు కాదు, స్వామి అనాలె," అని బామ్మర్ది సరిదిద్దాడు.

"వద్దు స్వామీ," అన్నాడు మావాడు. నేను నవ్వాను. చాలా రోజుల తర్వాత వాడు కూడా నవ్వాడు.

మా పొరపాటు ఏమిటో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. బ్రాందీ తాగేవాడికి పనికొచ్చిన మాలే దీనికీ పనికొస్తుందనుకున్నాం. మొదటి రోజు శరణుఘోష బాగానే చెప్పాడు. రెండో రోజు చలి అంటూ దుప్పట్లు కప్పుకుని, పళ్లు టకటక కొట్టుకుంటుంటే నియమం కఠినం కదా అన్నారు తోటి స్వాములు. ఆ రాత్రి నిద్రపోలేదు, గోడ మీద చీమల బారు చూపించాడు, గోడ మీద ఏమీ లేదు. నిష్ఠ కుదురుతోంది, దేవుడు పరీక్ష పెడుతున్నాడు అన్నారు. మూడో నాడు సాయంత్రం బామ్మర్ది వాకిట్లో షామియానా వేసి, అరటిబోదెలతో మెట్లు కట్టి, మెట్టు మెట్టుకూ దీపాలు పెట్టి పడిపూజ. బస్తీ అంతా వచ్చింది. భజన ఊపందుకుంది, కర్పూరం పొగ, కంజీర, తాళాలు. నేను వెనక కుర్చీలో కూర్చుని ఉన్నాను.

మావాడు మెట్ల ముందు నిలబడి ఉన్నవాడల్లా మెడ ఒక పక్కకు మెలితిప్పుకున్నాడు. కళ్లు పైకి పోయాయి. నోటి మూలల నురగ, లోపల నుంచి ఒక మూలుగు, మనిషిది కాదు. ఒళ్లంతా చేతులతో దులుపుకుంటూ గెంతసాగాడు. భజన ఆగలేదు, ఇంకా పెరిగింది. స్వామి వచ్చిండు, స్వామి వచ్చిండు అని ఎవరో ఆడమనిషి కేక. జనం ఒక్కసారి మీదికి తోసుకొచ్చారు. ఒకామె జ్వరంతో ఉన్న పసివాణ్ని తెచ్చి వాడి కాళ్ల ముందు పెట్టబోయింది. బామ్మర్ది హారతి పళ్లెం పట్టుకుని, స్వామీ, ఏం తప్పు జేసినమో సెప్పు స్వామీ అంటూ మొహం దగ్గర పెట్టాడు. మావాడు వంగి అతని చెవి కొరికాడు.

కొరికి వదలలేదు. రక్తం మెడ మీదుగా నల్లచొక్కాలోకి కారిపోతుంటే బామ్మర్ది, గొప్పవాడే, స్వామి శరణం స్వామి శరణం అనడం ఆపలేదు. అది భక్తో నొప్పో నాకు ఇప్పటికీ తేలలేదు. హారతి పళ్లెం పడి షామియానా అంచు అంటుకుంది, ఎవరో బిందెడు నీళ్లు కుమ్మరించారు. మావాడు ఇత్తడి గంట అందుకుని గిరగిరా తిప్పాడు. ముందు వరుసలో ఒకాయన నుదురు చీలింది. ఆయన రెండు చేతులూ జోడించే పడిపోయాడు. కుడిచేతి వైపు నిలబడ్డ కంజీర అబ్బాయికి భుజం మీద తగిలింది. దెబ్బలు తిన్నవాళ్లు ప్రసాదం అందినట్టు కళ్లకద్దుకుంటున్నారు. ఇంకా తినడానికి వెనక నుంచి తోసుకొస్తున్నారు. వాడు అరటిబోదెలు విరిచి, దీపాల మీద పడి, కొబ్బరికాయలు కొట్టే రాతి మీద తన తల తాను కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కో దెబ్బకూ జనం శరణమయ్యప్ప అంటున్నారు.

అది దేవుడు కాదని ఆ వాకిట్లో తెలిసింది నాకొక్కడికే. విషపు గడ్డి తిన్న లేగలు గిలగిలా కొట్టుకోవడం ఉద్యోగంలో ఎన్నో చూశాను. ఆ మెడ, ఆ కళ్లు, ఆ నురగ నాకు తెలుసు. ఆగండి, వీడికి పూనకం కాదు, దవాఖానకు తీస్కపోవాలె అని అరిచాను. భజనలో పసుల డాక్టరు మాట ఎవరు వింటారు? జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయి వాడి రెక్క పట్టుకున్నాను, గట్టిగా. వాడు నా వైపు తిరిగాడు. నన్ను గుర్తుపట్టలేదు గాని, మూడు రోజుల అలవాటు మాత్రం నాలుక మీద ఉంది.

"జరుగు స్వామీ. సంపుత."

అని, మర్యాదగానే చెప్పి, రాతి పక్కనున్న కొబ్బరికాయ తీసి నా మూతి మీద కొట్టాడు. రెండు పళ్లు నాలుక మీద గులకరాళ్లలా తగిలాయి. ఉమ్మేశాను. వాడు మళ్లీ రాయి వైపు వంగాడు, ఇంకొక్క దెబ్బకు ఆ తల నిలవదు. అప్పుడు నేను ఆలోచించి చేసిందేమీ లేదు. వెనక నుంచి పోయి, వాడి చంకల కింద చేతులు పోనిచ్చి, వెనక్కి ఒక్క ఊపు ఊపి, నేల మీద పిర్రల మీద కూర్చోబెట్టి, వీపు నా కడుపుకు ఆనించుకున్నాను. వాడు తన్నాడు. వెనక్కి తల విసిరి నా ముక్కు మీద కొట్టాడు. నేను బిగించలేదు. బాపు చెప్పినట్టు, ఊకె ఆనిచ్చుకున్నాను.

కాసేపటికి తల పక్కకు వాలింది. ఒళ్లు ఇంకా వణుకుతూనే ఉంది గాని తన్నడం ఆగింది. నా నోటి రక్తం వాడి భుజం మీద పడుతోంది, వాడి నుదుటి రక్తం నా మోచేతి మీద.

"బాపూ, చీమలు. మస్తు చీమలున్నయ్."

"ఉన్నయ్ రా. దులుపుత. నువ్వు ఊకె కూసో."

సామాన్ల ఆటో వెనక, అట్లాగే ఒళ్లో పెట్టుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. దారిలో ఫిట్స్ వచ్చింది. గతుకు గతుకుకూ వాడి వెన్నెముక నా పక్కటెముకలకు తగులుతుంటే, వాడు పుట్టినప్పుడు వాళ్లమ్మను ఇదే దారిలో ఎడ్లబండి మీద తెచ్చిన సంగతి గుర్తొచ్చింది. అక్కడ చేతులూ కాళ్లూ గుడ్డపీలికలతో మంచానికి కట్టేశారు. వరుసలో ఇంకా అట్లాంటి మంచాలున్నాయి. ఎవరో వాళ్లమ్మను బూతులు తిడుతున్నారు, ఎవరో కట్లు పళ్లతో తెంపుకుంటున్నారు. మెడ మెలితిరిగి మాల ఊపిరికి అడ్డం పడుతోందని నర్సమ్మ కత్తెర తీసింది. చెవికి తువ్వాలు అదుముకున్న బామ్మర్ది పరుగెత్తుకొచ్చి, మండలం నిండకుండ మాల తీస్తె అరిష్టం అని అడ్డం నిలబడ్డాడు. డ్యూటీ డాక్టరు కుర్రవాడు, రెండు రాత్రుళ్లుగా నిద్రలేని మొహం.

"నీ చెవు సగం ఊసిపోయింది పెద్దమనిషీ. ముందుగాల నువ్వు పోయి కుట్లేయించుకో. గంతకన్న అరిష్టం ఏముంటది?"

కత్తెర పడింది. పూసలు నేల మీద దొర్లాయి. మా ఇంటామె మంచాల కింద వంగి వంగి వాటిని కొంగులో ఏరుకుంది. వాడు ఆమెను పేరుపెట్టి నోట రాకూడని మాటలు తిడుతున్నాడు, ఆమె ఏరుకుంటూనే, అట్లనకు స్వామీ, నీళ్లు తాగుతవా స్వామీ అంటోంది. డాక్టరు ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు: ఆ పొడి ఒక్కసారిగా ఆపితే ఇట్లాగే అవుతుంది, ప్రాణం కూడా పోతుంది, దవాఖాన మందులతో కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి, నెలలు పడుతుంది. ఆమె అంతా విని అడిగింది.

"తాపిస్తె తప్పు, ఆపితె తప్పు. మాకెవ్వరు సెప్పలేదు సారూ. తల్లిని, నాకెట్ల దెలుస్తది?"

డాక్టరు చీటీ తీసుకుని, ఏ పూటకు ఎంత వేయాలో ఆమెకు మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. మంచివాడు.

ఇక్కడితో కథ సుఖాంతమైతే బాగుండేది, నాకూ రాయడం తేలికయ్యేది. వాడు బతికాడు. ఇంటికి వచ్చాడు, కొన్ని నెలలు బాగున్నాడు, మళ్లీ దుకాణానికి పోయాడు, మళ్లీ మంచం, మళ్లీ గుడ్డపీలికలు. ఒకసారి నా ఎడమచేతి చిటికెన వేలు పోయింది, తలుపు సందులో. దాని గురించి ఎవరైనా అడిగితే చెప్పడానికి ఇంకా మంచి జోకు దొరకలేదు. కోడలు తిరిగి రాలేదు, రమ్మని అడిగే మొహం మాకు లేదు. ఇట్లా ఏళ్లు గడిచాయి. దుఃఖం మొదట్లో మీద పడి కొట్టింది, తర్వాత ఇంట్లో మనిషిలా ఒక మూల కూర్చుంది; దానికీ ఒక గ్లాసు చాయ్ పోసి మా పని మేము చేసుకున్నాం. కానీ ప్రతిసారీ, వాడి చేతులు వణకడం మొదలుకాగానే నేను వెనక నుంచి పోయి కూర్చోబెట్టేవాణ్ని. దెబ్బలు తగిలేవి. ఒక్కోసారి గంట, ఒక్కోసారి తెల్లారేదాకా. మా ఇంటామె ఎదురుగా కూర్చుని వాడి ఒంటి మీద లేని చీమలను ఒక్కొక్కటీ తీసి పారేసేది.

ఇప్పుడు వాడు నలుగురితో కలిసి గొర్లు కాస్తున్నాడు. దవాఖాన మందు చిన్న మాత్రకు దిగింది. కల్లు దుకాణం ఉన్న దారి తప్పించడానికి మందను చుట్టు తిప్పి తోలుకొస్తాడు, గొర్లకు నడక ఎక్కువవుతోందని తోటివాళ్లు తిడతారు. ఇవి తెల్ల గొర్లు, ఉన్ని ఉండదు, మాంసానికే. నల్ల గొర్లు పోయాయి, కత్తెరలు తుప్పు పట్టాయి, నేసేవాళ్లు లేరు. గొంగడి కావాలంటే ఏ పెద్ద పండగకో సన్మానానికి కప్పేది దొరుకుతుంది, అదీ గుచ్చుకోదు. బాపు తాగిన కల్లు ఈతచెట్టు మీద నుంచి దిగేది, ఆయన పాట కుక్కలను తప్ప ఎవరినీ బాధించలేదు. ఇవన్నీ చూసిన మన తరం వెళ్లిపోతే, జీవాన్ని కట్టకుండా కూర్చోబెట్టే ఆ పట్టు అవసరమని ఎవరికీ తోచదు.

పళ్ల డాక్టరు దగ్గర నుంచి వచ్చిన సాయంత్రం నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. వాడు మంద తోలి వచ్చాడు. మొహం బాగా లేదు, చేతులు చంకల్లో దాచుకున్నాడు. నన్ను దవాఖానల ఏమన్నరు బాపూ అని అడిగాడు. పళ్లు కట్టిస్తరట అన్నాను. వాడు నా మూతి వైపు ఒకసారి చూసి, తల దించుకుని, వచ్చి నా కాళ్ల ముందు కింది మెట్టు మీద అటు తిరిగి కూర్చున్నాడు. మెల్లగా వెనక్కి జరిగి, వీపు నా మోకాళ్ల మధ్య ఆనించాడు. నేను చంకల కింద చేతులు పోనిచ్చాను. ఇప్పుడు నా చేతుల్లో పట్టు లేదు, చాయ్ గ్లాసే సరిగా నిలవదు. వాడు ఒక్కసారి భుజం విదిలిస్తే ఆ గోడ దగ్గర పడతాను. అది వాడికీ తెలుసు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది, మా ఇంటామె వింటోంది. వాడి ఒళ్లు చాలాసేపు వణికింది. తల ఒక పక్కకు వాల్చి, వాడు లేవకుండా అట్లాగే కూర్చున్నాడు.